రెడ్‌క్రాస్ ఉచిత కోవిడ్ యాంటీబాడీ టెస్ట్: రక్తం ఇచ్చినవాళ్ళకి నిజంగా ఏం తెలిసింది? (అమెరికా, 2020-21)

ముందే రేటింగ్ చెప్పేస్తాను: 5కి 4 స్టార్లు. రక్తం తీసుకునే పద్ధతికి, అక్కడి మనుషుల తీరుకి అయితే పూర్తిగా 5 ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్కటీ టెస్ట్ ఫలితం వల్ల తగ్గింది, దాని సంగతి కింద రాస్తాను.

2020 జూన్ 15 నుంచి 2021 జూన్ దాకా, అంటే సుమారు ఏడాది పాటు, అమెరికన్ రెడ్‌క్రాస్‌కి రక్తం గానీ ప్లేట్‌లెట్లు గానీ ప్లాస్మా (రక్తంలో కణాలు తీసేస్తే మిగిలే ద్రవం) గానీ ఇచ్చిన అందరికీ కోవిడ్ యాంటీబాడీ టెస్ట్ ఉచితంగా చేశారు. యాంటీబాడీలంటే వైరస్‌తో పోరాడటానికి మన ఒంట్లో తయారయ్యే ప్రొటీన్లు. ఆ సర్వీసు ఆగిపోయి చాలా కాలమైంది, ఇప్పుడు రివ్యూ ఎందుకంటే, ఇక్కడి తెలుగు గ్రూపుల్లో దాని గురించి ఇప్పటికీ తప్పుడు మాటలు తిరుగుతూనే ఉన్నాయి. డోనర్లని రప్పించడానికి వేసిన ఎర అని కొందరంటారు. అందులో పాజిటివ్ వచ్చింది కాబట్టి నాకిక కోవిడ్ రాదనుకున్నాను అని ఇంకొందరు చెప్తారు. మొదటి మాటలో కొంత నిజం ఉంది, రెండోది పూర్తిగా తప్పు. రేపు ఇంకో వైరస్ వచ్చినా ఇలాంటి టెస్ట్ ఏదో ఒకటి మన ముందుకు వస్తుంది, అప్పుడు దాన్నెలా అర్థం చేసుకోవాలో తెలిసి ఉంటే మంచిదని ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

అసలు ఆ టైములో రక్తం పరిస్థితి ఎలా ఉందో గుర్తు చేసుకోండి. అమెరికాలో రక్తం చాలావరకు బ్లడ్ డ్రైవ్‌ల ద్వారానే వస్తుంది, అంటే ఆఫీసుల్లో, స్కూళ్ళలో, చర్చిల్లో, మన గుళ్ళలో పెట్టే శిబిరాలు. 2020 మార్చిలో అవన్నీ ఒక్కసారిగా మూతపడ్డాయి. మార్చి మధ్యకే రెడ్‌క్రాస్ శిబిరాలు దాదాపు 2,700 రద్దయ్యాయి, దానివల్ల 86,000 యూనిట్ల దాకా రక్తం రాకుండా పోయిందని వాళ్ళే ప్రకటించారు. కాన్సర్ పేషెంట్లకి, తలసేమియా, సికిల్ సెల్ పిల్లలకి, కాన్పులో రక్తస్రావమయ్యే తల్లులకి లాక్‌డౌన్ ఉందని అవసరం ఆగదు కదా. ప్లేట్‌లెట్లయితే ఐదు రోజులే నిలవ ఉంటాయి, ముందుగా దాచిపెట్టుకునే వీలే లేదు.

మేము నార్త్ కరోలినాలో ఉంటాం. నేను వెళ్ళిన శిబిరం ఒక పెద్ద హాల్లో పెట్టారు. యాప్‌లో అపాయింట్‌మెంట్ తీసుకున్నాను, అదే రోజు పొద్దున్న ఇంట్లోనే ర్యాపిడ్‌పాస్‌లో ఆరోగ్యం గురించిన ప్రశ్నలన్నీ పూర్తి చేశాను, దాంతో అక్కడ పక్కన ఎవరితోనో కూర్చుని ఫారం నింపాల్సిన పని తప్పింది. గుమ్మం దగ్గరే టెంపరేచర్ చూశారు, మాస్క్ ఉందో లేదో చూశారు, కుర్చీలు దూరం దూరంగా వేశారు. వేలి మీద చిన్న పోటు పొడిచి హిమోగ్లోబిన్ చూశారు. ఇక్కడ ఆడవాళ్ళకి 12.5, మగవాళ్ళకి 13 ఉండాలి, మన ఆడవాళ్ళు చాలామంది ఇక్కడే వెనక్కి వస్తారు కాబట్టి వెళ్ళే ముందు కొన్ని వారాలు ఆకుకూరలు, పప్పు, ఖర్జూరం గట్టిగా తినండి, రోజూ తాగే టీ భోజనంతో పాటు కాకుండా కాస్త ఎడంగా తాగండి. బరువు కనీసం 110 పౌండ్లు ఉండాలి. రక్తం తీసే పని పది నిమిషాల్లో అయిపోతుంది, మొత్తం మీద గంట పెట్టుకుంటే చాలు. సూది గుచ్చిన అమ్మాయి నరం దొరకడానికి తొందరపడలేదు, ప్రతిదీ చెప్పి చేసింది. ఆ రోజుల్లో ముక్కూ మొహం తెలియని వందమందికి అంత దగ్గరగా నిలబడి పనిచేయడం ఎంత ధైర్యమో నాకు ఇప్పటికీ తలుచుకుంటే గౌరవం కలుగుతుంది.

టెస్ట్ కోసం విడిగా ఏమీ చేయలేదు. మామూలుగా బ్యాగ్‌తో పాటు కొన్ని చిన్న ట్యూబుల్లో కూడా రక్తం తీస్తారు, అవి ల్యాబ్‌కి వెళ్తాయి, అక్కడ హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్, వెస్ట్ నైల్ వైరస్ లాంటివన్నీ చూస్తారు. ఆ ఏడాది ఆ వరసలో కోవిడ్ యాంటీబాడీలు కూడా చేరాయి. ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా ఉంది, చాలామందికి ఇది తెలియదు. హెచ్‌ఐవీ టెస్ట్ చేసేది ఆ రక్తం ఎక్కించుకునే పేషెంట్‌ని కాపాడటానికి. కోవిడ్ యాంటీబాడీ టెస్ట్ అందుకు కాదు. కోవిడ్ రక్తం ఎక్కించడం ద్వారా సోకినట్టు ఎక్కడా రుజువు కాలేదు, యాంటీబాడీలు ఉన్న రక్తం చెడ్డ రక్తమూ కాదు, దాన్ని పారేయరు కూడా. నాకు పాజిటివ్ వస్తే నా రక్తం వేస్ట్ అయిపోతుందా అని మా ఫ్రెండ్ ఒకామె బాగా టెన్షన్ పడింది. అక్కర్లేదు.

ఫలితం వారం నుంచి పది రోజుల్లో యాప్‌లో గానీ వెబ్‌సైట్‌లో గానీ కనిపించేది. పాజిటివ్ లేదా నెగటివ్, అంతే. వాళ్ళు వాడింది ఆర్థో కంపెనీ వైట్రోస్ టోటల్ యాంటీబాడీ టెస్ట్, వైరస్ మీద ముళ్ళలా కనిపించే స్పైక్ ప్రొటీన్‌కి మన ఒంట్లో యాంటీబాడీలు తయారయ్యాయా అని చూస్తుంది. అది ఉన్నాయా లేవా అని మాత్రమే చెప్తుంది, ఎన్ని ఉన్నాయో చెప్పదు. నంబర్ ఇవ్వలేదని చాలామంది విసుక్కున్నారు గానీ, ఆ విషయంలో నేను వాళ్ళనేమీ అనను. ఎందుకంటే అప్పటికి ఒక ల్యాబ్ నంబర్‌ని ఇంకో ల్యాబ్ నంబర్‌తో పోల్చడానికి ఉమ్మడి కొలమానమే లేదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని ఖరారు చేసింది 2020 డిసెంబర్‌లో. కొలత లేని నంబర్ చేతికిస్తే జనం ఆ నంబర్ చూసుకుని తమకు తోచిన అర్థం తీసుకునేవారు.

నాకు ఈ సర్వీసులో బాగా నచ్చింది, ఆ టెస్ట్‌తో ఏం తెలియదో అది కూడా చెప్పడం. ఇది కోవిడ్ ఇప్పుడు ఉందో లేదో చెప్పే టెస్ట్ కాదు, పాజిటివ్ వచ్చినా మళ్ళీ రాదని హామీ లేదు, ఒంట్లో బాగోకపోతే రావద్దు, వైద్యుణ్ణి కలవండి అని మొదటి నుంచీ చెప్తూనే వచ్చారు. వైరస్ సోకాక యాంటీబాడీలు కనిపించడానికి ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది. కాబట్టి మొన్న పార్టీకి వెళ్ళాను, అంటుకుందేమో చూసుకుందాం అని ఇవాళ వెళ్ళి రక్తం ఇస్తే నెగటివ్ వస్తుంది, దానికి ఏ అర్థమూ లేదు, పైగా ఆ హాల్లో ఉన్న అందరినీ ప్రమాదంలో పెట్టినట్టు.

ఈ భయం కొత్తది కాదు. 1985 మార్చిలో అమెరికాలో హెచ్‌ఐవీ యాంటీబాడీ టెస్ట్‌కి మొదటిసారి అనుమతి వచ్చినప్పుడు సరిగ్గా ఇదే ప్రశ్న వచ్చింది. బ్లడ్ బ్యాంకులో టెస్ట్ ఉచితంగా చేస్తున్నారంటే, తనకు ఉందేమో అని అనుమానం ఉన్నవాళ్ళు టెస్ట్ కోసమే రక్తం ఇవ్వడానికి వస్తారు. సోకిన కొత్తలో టెస్ట్‌లో ఏమీ కనపడదు, ఆ రక్తం తిన్నగా ఒక పేషెంట్‌కి ఎక్కుతుంది. అందుకని అప్పుడు ప్రభుత్వం డబ్బిచ్చి బ్లడ్ బ్యాంకులకు బయట విడిగా టెస్ట్ కేంద్రాలు పెట్టించింది, టెస్ట్ కావాల్సినవాళ్ళు అక్కడికి వెళ్ళండి, రక్తం ఇచ్చేవాళ్ళే ఇక్కడికి రండి అని. ఆ చరిత్ర తెలిసినవాళ్ళు 2020లో రక్తదానానికి ఉచిత టెస్ట్ ముడిపెట్టడం చూసి కంగారుపడటం న్యాయమే. కోవిడ్ రక్తంతో పాకదు కాబట్టి ఈసారి అది చెల్లింది. రేపు వచ్చే వైరస్ రక్తంతో పాకేదైతే మాత్రం టెస్ట్‌ని ఇలా బహుమతిలా ఎవరూ ఇవ్వకూడదు, అడగకూడదు కూడా.

ఇక ఎర అన్న మాట. కొంత నిజం ఉంది అన్నాను కదా. టెస్ట్ ఉందని విని అంతకు ముందు ఎప్పుడూ రక్తం ఇవ్వని మనవాళ్ళు కూడా వచ్చారు, మా వీధిలోనే ఉన్నారు. కానీ బయట అప్పుడు ఏం నడుస్తోందో చూడండి. 2020 ఏప్రిల్ చివర్లో క్వెస్ట్ ల్యాబ్ వాళ్ళు డాక్టర్ దగ్గరికి వెళ్ళకుండానే ఆన్‌లైన్‌లో కొనుక్కునే యాంటీబాడీ టెస్ట్ 119 డాలర్లకు పెట్టారు, అది మంచి ల్యాబే. దానికంటే కింద, ఎవరూ పరిశీలించని కిట్లు మార్కెట్ నిండా వచ్చిపడ్డాయి, మే మొదట్లో ఎఫ్‌డీఏ (మందులకి, టెస్టులకి అనుమతులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ) రూల్స్ బిగించాల్సి వచ్చింది. మా ఇంట్లో ఒకరు అలాగే ఒక అర్జెంట్ కేర్‌లో డబ్బు కట్టి వేలి రక్తంతో చేసే కార్డు టెస్ట్ చేయించుకున్నారు. గీత పడిందా లేదా అన్నంత సన్నంగా పడింది, దాన్ని చూసి అక్కడివాళ్ళు మీకు వచ్చి పోయింది, నిశ్చింతగా ఉండండి అని పంపేశారు. ఆ మాట నమ్మి ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర మాస్క్ తీసేసి ఉంటే ఏమయ్యేదో! నాకు ఆ కోపం ఇంకా తగ్గలేదు. రక్తదానం దగ్గర ఒక్క పైసా తీసుకోకుండా మంచి ల్యాబ్‌లో చేసి, దీన్ని నమ్ముకుని జాగ్రత్తలు మానకండి అని చెప్పినవాళ్ళని ఎర వేశారు అనడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

పాజిటివ్ అంటే ఎంతవరకు నమ్మొచ్చు అన్న లెక్క ఒకసారి చూద్దాం, ఇది ఏ టెస్ట్‌కైనా పనికొస్తుంది. ఒక టెస్ట్ వంద మంది యాంటీబాడీలు లేనివాళ్ళలో ఒకరికి పొరపాటున పాజిటివ్ చూపిస్తుంది అనుకోండి. 2020 జూలైలో అమెరికా డోనర్లలో యాంటీబాడీలు ఉన్నవాళ్ళు 3.5 శాతం. అంటే వెయ్యి మందిలో 35 మందికి నిజంగా ఉన్నాయి, మిగిలిన 965 మందిలో దాదాపు పది మందికి తప్పు పాజిటివ్. మొత్తం పాజిటివ్‌లు 45, అందులో పది తప్పు! ఐదుగురిలో ఒకరికి పైగా వైరస్ సోకకుండానే సోకిందనుకుంటారు. అదే టెస్ట్, అదే మెషీన్, వెయ్యిలో రెండు వందల మందికి నిజంగా ఉన్న చోట వాడితే తప్పు పాజిటివ్‌లు ఎనిమిదే. టెస్ట్ మారలేదు, ఊరు మారింది. రెడ్‌క్రాస్ వాడిన టెస్ట్ ఈ ఉదాహరణ కంటే బాగా పనిచేసేదే, కాబట్టి అంత తప్పు ఉండదు. కార్డు టెస్టులు చేయించుకున్నవాళ్ళ సంగతి తలుచుకుంటేనే భయం.

పాజిటివ్ వచ్చిన డోనర్ల ప్లాస్మాని కోవిడ్ పేషెంట్లకి వాడే కాన్వలసెంట్ ప్లాస్మాగా, అంటే కోలుకున్నవాళ్ళ ప్లాస్మాగా కూడా తీసుకున్నారు. దీనికి 2020 ఆగస్టులో అమెరికాలో అత్యవసర అనుమతి వచ్చింది, 2021 ఫిబ్రవరిలో యాంటీబాడీలు ఎక్కువ మోతాదులో ఉన్న ప్లాస్మా మాత్రమే వాడాలని మార్చారు. ఇండియాలో కూడా అప్పుడు ప్లాస్మా కోసం ఫోన్ల మీద ఫోన్లు, మీలో ఎంతమంది రాత్రి రెండింటికి ఫలానా గ్రూపు ప్లాస్మా కావాలి అనే మెసేజ్ ఫార్వర్డ్ చేశారో గుర్తుందా? తీరా చూస్తే బ్రిటన్‌లో జరిగిన రికవరీ అనే పెద్ద ట్రయల్‌లో ఆస్పత్రిలో ఉన్న పేషెంట్ల ప్రాణాలు కాపాడటంలో ప్లాస్మాతో లాభం కనపడలేదు, ఇండియాలో ఐసీఎంఆర్ (ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి) 2021 మేలో చికిత్సా మార్గదర్శకాల నుంచి దాన్ని తీసేసింది. ఇచ్చినవాళ్ళ మంచి మనసుకి దీనివల్ల ఏ లోటూ లేదు, తెలియని రోజుల్లో తెలిసినంతలో చేశారు.

ఇప్పుడు తగ్గించిన స్టార్ సంగతి. 2020 డిసెంబర్‌లో వ్యాక్సిన్లు వచ్చాయి. ఫైజర్, మోడర్నా టీకాలు మన ఒంటి చేత తయారు చేయించేది ఆ స్పైక్ యాంటీబాడీలనే. కాబట్టి టీకా వేయించుకున్నాక స్పైక్ టెస్ట్‌లో పాజిటివ్ వస్తే అది టీకాదా, జబ్బుదా అని ఆ ఒక్క టెస్ట్‌తో తేల్చలేం. దాన్ని తేల్చాలంటే న్యూక్లియోకాప్సిడ్ అనే ఇంకో ప్రొటీన్‌కి యాంటీబాడీలు ఉన్నాయా అని చూడాలి, అది వైరస్ సోకితేనే వస్తుంది, ఈ టీకాలతో రాదు. టీకా వల్ల కూడా పాజిటివ్ రావచ్చని వాళ్ళు చెప్పారు, దాచలేదు. అయినా 2020 వేసవిలో ఆ పాజిటివ్‌కి ఉన్న బలం 2021 వసంతానికి లేదు, కానీ యాప్‌లో కనిపించే మాట అదే. మా అత్తయ్యగారి వయసు వాళ్ళు అది చూసి, అయ్యో మనకి తెలియకుండా వచ్చి పోయిందా అని కంగారుపడ్డారు. సర్వీసుకి కాలం చెల్లుతున్న కొద్దీ డోనర్‌కి వివరణ పెరగాలి అని నా అభిప్రాయం, ఆ స్టార్ అందుకే తగ్గించాను.

అయితే ఈ టెస్ట్ అసలు విలువ నా ఫోన్‌లో కనిపించిన ఫలితంలో లేదనిపిస్తుంది. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ వాళ్ళు రెడ్‌క్రాస్‌తో, వైటలాంట్‌తో, ఇంకా చాలా రక్త సేకరణ సంస్థలతో కలిసి, పేర్లు తీసేసిన డోనర్ల శాంపిల్స్‌తో దేశమంతటా సర్వే చేశారు. 2020 జూలై నుంచి 2021 మే దాకా 14 లక్షలకు పైగా శాంపిల్స్! అందులో వైరస్ సోకడం వల్ల యాంటీబాడీలు వచ్చినవాళ్ళు 3.5 శాతం నుంచి 20.2 శాతానికి పెరిగారు, టీకావి కూడా కలుపుకుంటే 2021 మేకి 83.3 శాతం. ఇక్కడ న్యూక్లియోకాప్సిడ్ టెస్ట్ కూడా వాడారు కాబట్టే టీకాని, జబ్బుని విడదీయగలిగారు. ఇంకోటి, రెడ్‌క్రాస్ దగ్గర దాచి ఉంచిన పాత శాంపిల్స్, 2019 డిసెంబర్ 13 నుంచి 2020 జనవరి 17 మధ్య తొమ్మిది రాష్ట్రాల్లో ఇచ్చిన 7,389 దానాలవి, పరీక్షిస్తే 106 శాంపిల్స్‌లో యాంటీబాడీల జాడ కనిపించింది. అమెరికాలో మొదటి కేసు అధికారికంగా బయటపడింది 2020 జనవరి మూడో వారంలో. ఎవరో పుణ్యాత్ములు ఆ డిసెంబర్‌లో ఇచ్చిన రక్తం వల్ల వైరస్ అంతకంటే ముందే వచ్చి ఉండొచ్చన్న ఆధారం దొరికింది.

కెనడాలో ఉన్న మావాళ్ళు, మాకు ఆ ఫలితం చెప్పలేదు అంటారు. నిజమే, అక్కడ కెనడియన్ బ్లడ్ సర్వీసెస్ 2020 మే నుంచే డోనర్ల మిగులు శాంపిల్స్‌లో యాంటీబాడీలు చూసింది, కానీ పేర్లు తీసేసి, దేశం లెక్క కోసం మాత్రమే. మొదటి వేవ్ తర్వాత అక్కడ ఒక శాతం లోపే తేలింది. అంత తక్కువ ఉన్న చోట ఒక్కొక్కరికీ ఫలితం చెప్తే పైన వేసిన లెక్క ప్రకారం ఎంత గందరగోళం అయ్యేదో ఊహించండి. వాళ్ళు చేసింది కూడా సరైన పనే.

డోనర్ల లెక్కకి ఒక పరిమితి ఉంది. రక్తం ఇచ్చేది ఆరోగ్యంగా ఉన్న పెద్దలే, పిల్లలు ఉండరు, మంచంలో ఉన్నవాళ్ళు ఉండరు, కారు లేని పేదవాళ్ళు శిబిరం దాకా రాలేరు. అందుకే వయసు, జాతి లెక్కలు సరిచేసి అంకెలు చెప్తారు. హైదరాబాద్‌లో సీసీఎంబీ, ఎన్ఐఎన్ అనే పరిశోధన సంస్థలు, టీకాల కంపెనీ భారత్ బయోటెక్ కలిసి చేసిన సర్వే దారి వేరు, 30 వార్డుల్లో పదేళ్ళు దాటినవాళ్ళ నుంచి దాదాపు 9,000 శాంపిల్స్ తీసుకున్నారు. 2021 మార్చిలో చెప్పిన ఫలితం ప్రకారం 54 శాతం మందికి యాంటీబాడీలు ఉన్నాయి, వాళ్ళలో ఎక్కువమందికి తమకి వైరస్ వచ్చిందనే తెలియదు. ఇంటింటికీ తిరగడం ఖరీదు, కష్టం. డోనర్ల శాంపిల్స్ ఎలాగూ ల్యాబ్‌కి వస్తూనే ఉంటాయి, వారం వారం చూడొచ్చు. రెండూ కావాలి.

చివరగా మనవాళ్ళ కోసం ప్రత్యేకంగా ఒక విషయం. అమెరికాలో రక్తం ఇవ్వడానికి మనకి పెద్ద అడ్డంకి ఇండియా ప్రయాణం, మలేరియా వల్ల. ఇండియాలో చాలా ప్రాంతాలు ఆ లిస్టులో ఉన్నాయి. వెళ్ళొచ్చినవాళ్ళు ఏడాది ఆగాలని ఉన్న రూల్‌ని ఎఫ్‌డీఏ 2020 ఏప్రిల్‌లో మూడు నెలలకు తగ్గించింది. కొత్తగా ఇక్కడికి వచ్చినవాళ్ళయితే మూడేళ్ళు ఆగాలి. 2020 మార్చి తర్వాత మామూలు విమానాలు ఆగిపోయాయి, చాలామందిమి ఇండియా వెళ్ళలేదు, అందుకే ఆ ఏడాది మనవాళ్ళు అంతమంది ఇవ్వగలిగారు. ఇప్పుడు ఏటా వెళ్ళి వస్తున్నాం, తిరిగొచ్చాక ఆ సంగతే మర్చిపోతున్నాం. మనలో బీ గ్రూపు ఎక్కువ, ఇక్కడి తెల్లవాళ్ళలో పదో వంతు దరిదాపుల్లోనే ఉంటుంది, ఆ గ్రూపు కావాల్సినవాళ్ళకి మనం వెళ్ళడం చాలా అవసరం. టికెట్ బుక్ చేసుకునేటప్పుడే బయల్దేరే ముందు వారానికి అపాయింట్‌మెంట్ పెట్టేసుకోండి. వచ్చాక ఎలాగూ మూడు నెలలు ఆగాలి, ఒకసారి ఇచ్చాక మళ్ళీ ఇవ్వడానికి కావాల్సిన 56 రోజులు కూడా అందులోనే గడిచిపోతాయి. ఫారంలో మీరు తిరిగిన ఊళ్ళు, జిల్లాలతో సహా రాసిపెట్టుకుని వెళ్ళండి, అక్కడ అడుగుతారు.